ముందా గది తాళం వెయ్యి

ఆ ఇంట్లో గదులు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు హాలు, తర్వాత రాతగది, భోజనాల గది, ఆడవాళ్ళు కూర్చునే గది, అద్దాల గది, ఆఖరున పడకగది. పడకగది వెనక తలుపు తీస్తే వరండా, మెట్లు, తోట. తోట చివర పనివాళ్ళకిచ్చిన వరసలో మాదొక ఇల్లు. పాతకాలపు ఆ ఇంటిని చూడ్డానికి వచ్చినవాళ్ళను ముందు తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళి, గదిగదిలో ఉన్నవాటి గురించి చెప్పి, వెనక తలుపులోంచి బయటికి పంపడం నా ఉద్యోగం.

ఆ ఉద్యోగానికి నియమం ఒకటే. దాటి వచ్చిన తలుపుకి తాళం వెయ్యందే ఎదురుగా ఉన్న తలుపు తియ్యకూడదు. వచ్చినవాళ్ళు ఎంతమందైనా సరే, ఎప్పుడు చూసినా ఒక్క గదిలోనే ఉంటారు. ముందు తాళం, వెనక తాళం. తాళాల గుత్తి నా చేతిలోనే ఉండాలి. పాలిష్ పనివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు.

ఆ ఇంట్లో పాలిష్ పనివాడు ఒక్కడే. మా నాన్న.

నా చిన్నతనంలో రాతగదిలోని వెండి సిరాబుడ్డి కనిపించకుండా పోయింది. ఆ రోజుల్లో ఆ గదిలో బల్లకి లక్కపూత వేస్తున్నది నాన్న. మా ఇంటికొచ్చి వెతికారు. అమ్మ పిండిడబ్బా కూడా బోర్లించారు. ఏమీ దొరకలేదు. నువ్వు తీశావని ఎవరూ అనలేదు. నువ్వు తియ్యలేదని కూడా ఎవరూ అనలేదు. పనిలోంచి తీసెయ్యలేదు గానీ నియమం పెట్టారు. మమ్మల్ని చూసి పెట్టిన ఆ నియమాన్ని మాకన్నా నిష్ఠగా పాటించినవాళ్ళు లేరు. మేనేజరు తాళాలు పట్టుకు తిరిగే కాలంలో ఆయనే బద్ధకించి ఎప్పుడైనా ఒక తలుపు వదిలేస్తే, "అయ్యా, వెనకది వెయ్యలేదు" అని నాన్నే గుర్తుచేసేవాడు.

నేను డిగ్రీ పూర్తిచేసి టీచరు ట్రైనింగు కూడా అయ్యాక, ఇంటి యజమానురాలు పెద్దమ్మగారు నన్ను పిలిచి, "చదువుకున్నదానివి, నోరున్నదానివి, నువ్వే చూపించు" అని గుత్తి చేతిలో పెట్టారు. ఉద్యోగం దొరికేదాకా అనుకున్నాను. ఉద్యోగాలకి పిలుపులు వచ్చేవి, ఏదో ఒక బృందం కూడా ఆ రోజే వచ్చేది. ఇప్పుడు పట్నంలో ఒక బడిలో పోస్టుకి ఇంటర్వ్యూ. మధ్యాహ్నం ఒంటిగంట బస్సెక్కితే అందుతాను. అది తప్పితే మళ్ళీ బస్సు సాయంత్రమే. సాయంత్రానికి ఆ పోస్టులో ఇంకెవరో ఉంటారు. నాకు వయసు మించడానికి ఇంక ఈ ఒక్క ఏడాదే ఉంది.

పొద్దున అమ్మ నా చీర ఇస్త్రీ చేస్తూ ఉండగా పెద్దమ్మగారి దగ్గరనుంచి కబురొచ్చింది. హోటలు కడుతున్న దంపతులెవరో వచ్చారట, సామాను చూస్తారట, వెంటనే రమ్మని.

"ఈరోజు కుదరదని చెప్పవే," అంది అమ్మ.

"ఎలా చెప్పనమ్మా?"

"నోటితో."

"నీకేం, నువ్వు చెప్తావు."

"నేనెందుకు చెప్తాను? నాకు డిగ్రీ లేదుగా. చదివించింది దేనికి, ఇలాంటప్పుడు నోరు మూసుకోవడానికా?"

అద్దం ముందు బొట్టు సరిచేసుకుంటున్న నాన్న గొంతు సవరించుకున్నాడు. "మామూలుగా గంటలోపే అయిపోతుంది కదే. పదకొండు కాలేదింకా. గబగబా చూపించి, అటునుంచటే వెనక తలుపులోంచి వచ్చేద్దాం. సర్టిఫికెట్ల సంచి భుజానికి తగిలించుకో. మెట్లు దిగి నువ్వు బస్సుకి, నేను ఇంటికి."

ఆ లెక్క బాగానే ఉంది. లెక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది.

హోటలు మేడమ్ మెడలో దర్జీలా కొలతల టేపు వేలాడుతోంది. పక్కన ఆమె భర్త, పొట్టి చేతుల చొక్కా, ఎక్కడ కూర్చోవాలా అని వెతికే కళ్ళు. నేను హాలు తలుపు తీశాను. నలుగురం లోపలికొచ్చాం. తలుపు వేసి తాళం తిప్పాను. నాన్న తన అలవాటు ప్రకారం చప్పుడు చెయ్యకుండా సోఫాలమీది దుప్పట్లు తీసి మడతపెడుతున్నాడు. చూసిన గదిలో మళ్ళీ కప్పి రావడం కూడా ఆయన పనే.

"అబ్బ!" అంది మేడమ్, తల పైకెత్తి.

ఆ హాలు పైకప్పు చూసి ఎవరైనా అదే మాట అంటారు. సున్నపుపనితో చేసిన ద్రాక్షతీగ నాలుగు గోడల అంచునా పాకి నడిమధ్యకి చేరుతుంది. ఆకుల ఈనెలు కూడా కనిపిస్తాయి. గుత్తులన్నీ కిందికి వేలాడుతుంటే, కిటికీ పక్క మూలన ఒక్క గుత్తి మాత్రం పైకి నిలబడి ఉంటుంది. పని చేసినవాడి పొరపాటో, చిలిపితనమో. నాకు ఆ పైకప్పంటే చిన్నప్పటినుంచీ ఇష్టం. నాన్న పని చేసుకుంటుంటే నేలమీద వెల్లకిలా పడుకుని ఆ గుత్తిని వెతుక్కునేదాన్ని. ఆ రోజు దాని సంగతి చెప్పకూడదనుకున్నాను. చెబితే నిలబడిపోతారు.

"అన్ని గుత్తులూ ఒకేలా ఉన్నాయా?" అంది మేడమ్.

అడిగితే చెప్పకుండా ఉండలేను. అది నా రోగం. తెలీదంటే మా ఇంటిల్లిపాది చదువూ తేలిపోతుందని భయం. చెప్పాను. ఆమె నేలమీద అడ్డంగా నడిచి, వెనక్కి నడిచి, మెడ పట్టుకుపోయేదాకా చూసి, "ఇలాంటి తప్పే మన హాల్లో కూడా ఒకటి చేయించాలండీ," అంది భర్తతో.

"చేయించక్కర్లేదు. మన మేస్త్రి చాలా చేశాడు," అన్నాడాయన.

రాతగదిలోకి వచ్చాం. వెనక తాళం వేశాను. ఆ గదిలో బల్ల ఒక్కటే చూడాల్సింది. ఒకే చెట్టు, ఒకే పలక. పలకని కోసి సొరుగుల ముఖాలు చేశారు గనక చెక్కలోని చార ఒక సొరుగులో మొదలై పక్క సొరుగులోకి, అక్కడినుంచి కిందిదాంట్లోకి వాగులా పారుతుంది. ఏ రెండు సొరుగులు తారుమారు చేసినా వాగు తెగిపోతుంది. నాన్న దుప్పటి లాగగానే కిటికీ వెలుగు దానిమీద పడి, చెక్క లోపలెక్కడో దీపం పెట్టినట్టు ఎర్రబడింది. ఆ ఎరుపు నాన్న చేతిది. గుడ్డలో దూది చుట్టి, లక్క ముంచి, గుండ్రంగా, మళ్ళీ గుండ్రంగా, ఎన్నేళ్ళుగానో. ఆయన గోళ్ళు కూడా అదే రంగు.

మేడమ్ ప్రతి సొరుగూ కొలిచింది. తర్వాత బల్లమీది వెండిపళ్ళెం దగ్గర ఆగింది. కలాలు పెట్టే గాడి ఉంది, పక్కన గుండ్రటి గుంట ఖాళీగా ఉంది.

"ఇందులో ఏముండేది?"

"సిరాబుడ్డి అండీ. పోయింది."

అంతకన్నా ఎప్పుడూ చెప్పను. ఆ మాట అంటున్నప్పుడు నాన్న ఎటు చూస్తాడో నేను చూడను.

"పోవడమేంటి? ఎవరైనా కొట్టేశారా?"

"తెలీలేదండీ. భోజనాల గదికి వెళ్దామా?"

వాచీ చూసుకున్నాను. రెండు గదులకే నా గంటలో సగం కరిగిపోయింది.

భోజనాల గదిలో పొడుగాటి బల్ల చుట్టూ పేము అల్లిన కుర్చీలు. అల్లిక ఎంత సన్నమంటే, వెలుగు దాంట్లోంచి పడి నేలమీద ఇంకో కుర్చీని అల్లుతుంది. ఆ నీడలు చూపించబోతుండగా వెనక చిన్న మూలుగు వినిపించింది. మేడమ్ భర్త ఒక కుర్చీలో సగం కూర్చుని ఉన్నాడు.

"అయ్యో సర్, అందులో కూర్చోకూడదండీ."

సగంలోనే ఆగి, లేవలేక కూర్చోలేక, "మరెందుకు చేశారమ్మా?" అన్నాడు.

"అప్పట్లో కూర్చునేవారండీ. ఇప్పుడు చూడ్డానికి."

"నా పెళ్ళికూడా అంతే," అన్నాడు లేస్తూ.

"ఏమన్నారు?" అంది మేడమ్ బల్ల కిందనుంచి. కాళ్ళమీది చెక్కడాలు చూడ్డానికి దూరింది.

"కాళ్ళు బాగున్నాయన్నాను. బల్లవి."

నాన్న నవ్వు ఆపుకోవడానికి దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆ గదిలో గోడగడియారం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. దాన్ని చూస్తే నవ్వు కూడా ఆగిపోయింది. మేడమ్ బల్లకింద నుంచి ఒక్కో ప్రశ్నా వేస్తోంది. ఈ పూలు ఏ పూలు? ఈ కాళ్ళు విడిగా చేసి అతికించారా? నేను వంగి ఒక్కోదానికీ జవాబు చెబుతున్నాను. ఎంత బాగా చెబితే అంత అడుగుతోంది. చెప్పకుండా ఉంటే అడగదేమో. చెప్పకుండా ఉండటం నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు.

ఆడవాళ్ళు కూర్చునే గది తలుపు తీసేసరికి పెద్దమ్మగారు అప్పటికే లోపల ఉన్నారు. ఆ గది మూలనుంచి ఆమె పైగదులకి మెలికల మెట్లున్నాయి. పైన గడియ ఆమె వైపునుంచే పడుతుంది. ఆ ఒక్క తలుపుకీ మా నియమం వర్తించదు.

ఆ గదిలో నాలుగు రెక్కల తెర ఉంది. పట్టుమీద పట్టుదారాలతో కుట్టిన చెరువు, రెల్లు, రెల్లులో కొంగలు. దగ్గరికి వెళ్తే ఒక్కో ఈకా ఒక్కో కుట్టు. ఎగరబోతున్న కొంగ ఒకటి ఉంది. మెడ సాచింది, రెక్కలు విప్పింది, కాళ్ళు మాత్రం ఇంకా నీళ్ళలోనే. మేడమ్ దాని ముందు మోకాళ్ళమీద కూర్చుండిపోయింది. ఆమెని తప్పుపట్టలేను. నేనూ ఎన్నోసార్లు అలాగే కూర్చున్నాను.

అప్పుడే చెప్పెయ్యాలనిపించింది. పెద్దమ్మగారి పక్కకి వెళ్ళి గొంతు తగ్గించి, "పెద్దమ్మగారూ, నాకీరోజు పట్నంలో ఇంటర్వ్యూ ఉందండీ. ఒంటిగంట బస్సు. మిగతా రెండు గదులూ..." అన్నాను.

"ఇంటర్వ్యూనా? నీకా?" ఆమె గట్టిగా నవ్వారు. "వింటున్నారా అమ్మా, ఇది వెళ్ళిపోతుందట! ఇది వెళ్తే ఈ ఇంటికి నోరేదీ? మొన్న వచ్చినవాళ్ళేమన్నారో తెలుసా, సామానంతా ఒక ఎత్తు, ఆ అమ్మాయి చెప్పడం ఒక ఎత్తు అన్నారు. మా ఇంటికి అలంకారమే, నిన్నెవరు వదుల్తారే?"

ఆమె నా గడ్డం పట్టుకున్నారు. ప్రేమగానే పట్టుకున్నారు. అదే ఇబ్బంది. తిడితే వెళ్ళిపోవచ్చు.

మేడమ్ తెర దగ్గరనుంచి వెనక్కి తిరిగింది. "అయితే సామానుతోపాటు ఈ అమ్మాయిని కూడా మా హోటల్‌కి ఇచ్చెయ్యండి. రిసెప్షన్లో పెట్టుకుంటాం."

"తెర కావాలంటే ఇస్తాను గానీ దీన్నివ్వను," అన్నారు పెద్దమ్మగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు నేను నవ్వుతాను.

"రాతబల్ల మాత్రం మాకు చాలా నచ్చిందండీ," అంది మేడమ్. "కానీ ఆ వెండిపళ్ళెంలో బుడ్డి లేదు. జత తెగింది. పోయిందట కదా?"

"పోవడమేంటి? మా తమ్ముడింట్లో ఉంది."

పెద్దమ్మగారు తెర అంచుమీది దుమ్ము దులిపారు.

"వాడే పట్టుకెళ్ళాడు, ముచ్చటపడి. చెప్పాపెట్టకుండా. ఇప్పుడు దాంట్లో వాడి మనవడు రంగుపెన్సిళ్ళు పెట్టుకుంటున్నాడు. కావాలంటే తెప్పిస్తాను, జత కలుస్తుంది."

"ఎప్పుడు తెలిసిందండీ మీకు?" అన్నాను.

"ఏమోనే. నువ్వు లంగా జాకెట్లలో తిరిగేదానివి అప్పటికి. మీవాళ్ళకి చెప్పే ఉంటానే. చెప్పలేదా?" అని నాన్న వైపు చూశారు.

నాన్న సోఫామీది దుప్పటి మడతపెడుతున్నాడు. అంచుకి అంచు కలపబోతూ ఆగాడు. రెండు మూలలు రెండు చేతుల్లో ఉన్నాయి. "లేదమ్మగారూ," అన్నాడు. తర్వాత అంచులు కలిపి మడత పూర్తిచేశాడు.

"చెప్పానే అనుకున్నాను. సరే, పోనీ." ఆమె మెట్లవైపు నడిచారు. "మీరు చూడండమ్మా, పైన నాకు మందులేసుకునే వేళయింది." మెట్లెక్కే చప్పుడు, ఆ తర్వాత పైన గడియ పడిన చప్పుడు.

మేడమ్ మళ్ళీ కొంగల దగ్గరికి వెళ్ళింది. ఆమెకి అది సిరాబుడ్డి. మాకు అది నాన్న తలెత్తి నడవకపోవడం, మా వరసలోవాళ్ళు నన్ను లోపలికి పిలవకపోవడం, అమ్మ ఈనాటికీ పిండిడబ్బా మూత రెండుసార్లు నొక్కి పెట్టడం. ఇన్నేళ్ళూ ముందు తాళం, వెనక తాళం. ఆ నియమానికి కారణం ఎవరింట్లోనో రంగుపెన్సిళ్ళు మోస్తూ హాయిగా ఉంది. మాకు చెప్పాలన్న ధ్యాసే ఎవరికీ రాలేదు.

అద్దాల గది తలుపు తీశాను. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. నాన్న దుప్పట్లు కప్పి చివర వచ్చాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"విన్నావా నాన్నా?"

"విన్నాను."

"ఇంక ఈ తాళాలెందుకు?"

ఆయన నా చేతిలోని గుత్తివైపు చూశాడు. "ముందా గది తాళం వెయ్యి తల్లీ," అన్నాడు.

వేశాను. నా చెయ్యే వేసింది.

అద్దాల గదిలో మూడు గోడలకీ నిలువెత్తు అద్దాలు. పాదరసం అక్కడక్కడా రాలి, ఎవరు చూసుకున్నా మొహాన మచ్చలు కనిపిస్తాయి. చట్రాలకి బంగారు రేకు తాపడం. చట్రం నిండా చెక్కిన దానిమ్మలు, కొన్ని పగిలి గింజలు బయటపడుతున్నట్టు. మేడమ్ టేపు తీసింది. "ఏవండీ, ఆ కొస పట్టుకోండి." ఆయన పట్టుకున్నాడు. "అటు కాదు, ఇటు." "ఇటే పట్టుకున్నాను, అద్దంలో అటు కనిపిస్తున్నా." "మీరు అద్దంలో చూడకండి, నన్ను చూడండి." "అదే కష్టం."

ఎటు చూసినా నేనే ఉన్నాను. భుజాన సంచి, చేతిలో గుత్తి, మొహంలో వచ్చినవాళ్ళకోసం పెట్టుకున్న నవ్వు. అన్ని అద్దాల్లోనూ అదే నవ్వు. చట్రాలు కూడా అమర్చే ఉన్నాయి. వాచీ చూసుకున్నాను. ఇప్పుడు బయల్దేరితే, పరిగెత్తితే, అందుతుంది.

"అమ్మాయ్, ఈ దానిమ్మల్లో గింజలు విడిగా చేసి అతికించారా, చెక్కలోనే చెక్కారా?"

నోరు తెరిచాను. జవాబు నాలికమీదే ఉంది. అక్కడితో ఆగదని కూడా తెలుసు. "ఒక్క నిమిషమండీ" అని నాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన అద్దం కింద వంగి గుడ్డతో చట్రం తుడుస్తున్నాడు.

"నాన్నా, ఇవి పట్టుకో. మిగిలిందొక్క గదే. పడకగది తీసి నేను వెనకనుంచి వెళ్ళిపోతాను. వాళ్ళు చూశాక పంపించి తాళం వేసెయ్."

గుత్తి చాపాను. ఆయన చేతులు రెండూ వెనక్కి వెళ్ళిపోయాయి. అంత వేగంగా ఆయన చేతులు కదలడం నేనెప్పుడూ చూడలేదు.

"నేనా? వద్దు తల్లీ."

"నువ్వు తియ్యలేదని తెలిసిపోయిందిగా!"

"నాకెప్పుడూ తెలుసు. అది కాదు."

"మరేంటి?"

"ఇప్పుడు తాళాలు నా చేతిలో ఉండగా ఇంకేదైనా కనబడకపోతే?"

గుత్తి చాపిన చెయ్యి దించలేదు. "వాళ్ళ ముందే ఇస్తున్నా నాన్నా. వాళ్ళు చూస్తారు," అన్నాను.

"నువ్వు చెప్పినట్టు వాళ్ళకి చెప్పడం నాకు రాదే. అడిగితే ఏమనను?"

"ఏమైనా అను. నేను వెళ్ళకపోతే రేపు కూడా ఇక్కడే ఉంటాను నాన్నా. ఎల్లుండి కూడా. నీలాగే."

అనకూడని మాట. నోరు జారింది. ఆయనకి కోపం రాలేదు. ఎదురుగా అద్దంలో తనని తాను చూసుకున్నాడు, పాదరసం రాలినచోట మొహం సగమే ఉంది.

మేడమ్ భర్త టేపు కొస పట్టుకుని అక్కడినుంచే అన్నాడు. "ఇంటర్వ్యూ కదమ్మా నీకు? ఇందాక విన్నాను. వెళ్ళు తల్లీ, మేమెక్కడికీ పారిపోం. పారిపోవాలన్నా దారేదీ, అన్నీ తాళాలేగా."

"అయ్యో, వెళ్ళిపోతే మరి దానిమ్మల సంగతి?" అంది మేడమ్.

"దానిమ్మలు ఎక్కడికీ పోవు. బస్సు పోతుంది. ఉన్నచోటే ఉండిపోయిన మా తమ్ముడిలాగే అయిపోతుంది ఈ పిల్ల కూడా, ఇంకో గది, ఇంకో గది అనుకుంటూ."

ఆయన తమ్ముడి సంగతేంటో నేను అడగలేదు. పడకగది తలుపు తీశాను. అందరం లోపలికొచ్చాం. వెనక తాళం నేనే వేశాను. ఇక అడ్డం ఉన్నది వెనక వరండా తలుపొక్కటే. దుప్పటి తీసిన మంచం కోళ్ళమీద మల్లెతీగ మెలికలు తిరుగుతూ పందిరి దాకా పాకుతుంది. మామూలుగా ఆ గదిలో అందరూ గుసగుసగా మాట్లాడతారు, ఎవరో నిద్రపోతున్నట్టు. నేను మంచం వైపు చూడలేదు. వరండా తలుపు తాళం తీశాను. ఎండ లోపలికొచ్చి నేలమీద పడింది. తాళంచెవిని తాళంలోనే వదిలేశాను. గుత్తి వేలాడుతూ కాసేపు ఊగింది.

"నాన్నా, వెళ్తున్నా."

ఆయన గుత్తివైపే చూస్తున్నాడు. నేను గడప దాటి తలుపు దగ్గరగా లాగాను.

మెట్లు దిగాలి. దిగలేకపోయాను. వరండాలో కిటికీ పక్కన ఆగి లోపలికి చూశాను.

తలుపు తాళం లేకుండా ఉంది. నాన్నకి అది పడదని నాకు తెలుసు. ఒక అడుగు వేశాడు, ఇంకోటి వేశాడు. చెయ్యి ధోవతికి తుడుచుకున్నాడు. తాళం తిప్పాడు. చెవి బయటికి లాగి గుత్తిని రెండువేళ్ళతో పట్టుకుని, చెయ్యి ఒంటికి ఆనకుండా దూరంగా చాచి, రెండో చెయ్యి కూడా అలాగే చాచి విప్పిపెట్టి, గది మధ్యకి వచ్చి నిలబడ్డాడు. నా చేతుల్లో ఇంకేమీ లేదు, చూసుకోండి అన్నట్టు. వాళ్ళు చూడలేదు. వాళ్ళు మంచాన్ని చూస్తున్నారు.

"ఈ తీగ ఏ చెక్కండీ?" అంది మేడమ్.

నా నోరు దానంతటదే తెరుచుకుంది. కిటికీ అద్దానికి ఇవతల నుంచైనా చెప్పేసేదాన్ని.

నాన్న మంచం వైపు చూశాడు. ఆ మంచాన్ని ఎన్నిసార్లు రుద్దాడో ఆయనకే తెలియదు. ఏ చెక్కో ఆయనకి తెలుసు.

"తెలీదండీ," అన్నాడు.

"ఓహో," అంది మేడమ్. అంతే. పైకప్పు కూలలేదు. ఆమె టేపు చుట్టుకుని మెడలో వేసుకుంది. "అయితే ఇంక వెళ్దామాండీ?"

"దేవుడు చల్లగా చూశాడు," అన్నాడు భర్త.

నేను మెట్లు దిగి పరిగెత్తాను. తోట దాటి, మా గుమ్మం ముందునుంచి. అమ్మ వాకిట్లో నిలబడి, "బస్సు హారన్ కొట్టింది, నడువ్, నడువ్! నాన్నేడే?" అని అరిచింది. "లోపలున్నాడు, తాళాలు ఆయన దగ్గరే," అన్నాను ఆగకుండా. వెనకనుంచి అమ్మ ఏదో అంది, వినిపించలేదు.

బస్సు కదులుతోంది. చెయ్యి ఊపితే కండక్టరు తల బయటపెట్టి, "రోజూ వెళ్ళే బస్సుకి కూడా ఈ పరుగులేంటమ్మా, పెళ్ళివారిని పిలిచినట్టు పిలవాలా?" అని విసుక్కుంటూనే చెయ్యి అందించాడు. లోపల కాలు పెట్టే సందు లేదు. ముందు ఒకళ్ళ మోచెయ్యి, వెనక ఒకళ్ళ బుట్ట. నేను సంచిని గుండెలకి అదుముకున్నాను.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి, చోటుంది," అంటున్నాడు కండక్టరు.

చోటు లేదు. అయినా జరిగాను. కిటికీలోంచి చెట్ల మీదుగా ఆ ఇంటి పైకప్పు కొంతదూరం కనిపించింది. వాళ్ళని పంపించడానికి నాన్న ఆ తలుపు మళ్ళీ తియ్యాలి. తీసి, వాళ్ళ వెనకే తనూ బయటికొచ్చి, తాళం వేసి, గుత్తి పట్టుకుని తోటలోంచి అందరూ చూస్తుండగా ఇంటికి నడవాలి. ఆ చేతిని అలా దూరంగా చాచే నడుస్తాడా, దించుతాడా? సాయంత్రం దాకా నాకు తెలియదు.